మురుగు చెప్పిన లెక్క

కొవిడ్ కాలపు పరిశోధనల మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్. శుక్రవారం సాయంత్రానికి పేజీలు ప్రెస్సుకు వెళ్లిపోవాలి. టీకాల గురించి రాస్తే ఎవరూ కాదనరు, ఫొటోలకూ కొదవుండదు. కానీ పాత కాగితాలు తిరగేస్తుంటే 2020 ఆగస్టునాటి ఒక పరిశోధన పత్రం దగ్గర నా చూపు ఆగిపోయింది. రాసింది మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ, ఐఐసీటీ పరిశోధన సంస్థల శాస్త్రవేత్తలు. విషయం: హైదరాబాద్ డ్రైనేజీ.

ఆ నెలలో తెలంగాణ మొత్తమ్మీద కేసుల లెక్క లక్షకు చేరువవుతోంది. రోజూ బులెటిన్ వచ్చేది. అందులో కనిపించేది టెస్టు చేయించుకున్నవాళ్లే. ఒంట్లో ఏ లక్షణమూ లేనివాళ్లు టెస్టుల ఛాయలకే పోరు. జ్వరమొచ్చినా వీధిలో తెలిసిపోతుందని నోరు మెదపనివాళ్లూ ఉంటారు. వీళ్లెవరూ బాత్రూముకు వెళ్లకుండా మాత్రం ఉండలేరు కదా!

వైరస్ సోకినవారి మలంలోనూ దాని జన్యుపదార్థమైన ఆర్‌ఎన్ఏ బయటికొస్తుంది. అదీ 35 రోజుల దాకా రావచ్చని పత్రం లెక్క. అందుకని నగరంలోని మురుగుశుద్ధి కేంద్రాల్లో 80 శాతం చోట్ల, మురుగు లోపలికొచ్చే దగ్గరే నమూనాలు పట్టారు. ముక్కులో పుల్ల పెట్టి తీసినదానికి చేసే ఆర్‌టీపీసీఆర్ పరీక్షే వీటికీ చేశారు. లీటరులో ఎంత ఆర్‌ఎన్ఏ ఉంది, రోజుకు ఎన్ని లీటర్లు వస్తున్నాయి, ఒక్క మనిషి నుంచి ఎంత రావచ్చు అన్నవి తెలిస్తే, గుణించి భాగించి ఎంతమందో అంచనా కట్టొచ్చు.

అలా తేలింది దాదాపు 2 లక్షల మంది. అప్పట్లో నగరం రోజుకు వాడిన నీళ్లు సుమారు 180 కోట్ల లీటర్లు. శుద్ధి కేంద్రాలకు చేరింది అందులో 40 శాతమే. మిగతాది ఎటు పోయిందో మూసీ నదిని అడగాలి! ఆ లోటునూ కలుపుకుంటే సోకినవారు జనాభాలో 6.6 శాతం, అంటే 6 లక్షల పైచిలుకు. వీళ్లలో అప్పటికే కోలుకున్నవాళ్లూ ఉన్నారు. వాళ్లను తీసేస్తే, తక్కువలో తక్కువ 2.6 లక్షల మందికి ఇంకా వైరస్ ఉన్నట్టే.

ఆ 6.6లోని దశాంశం చూసి నాకు నవ్వొచ్చింది. ఒక్క మనిషి నుంచి వచ్చే ఆర్‌ఎన్ఏ మనిషికీ మనిషికీ ఎన్నో రెట్లు మారుతుంది. దాని మీద కట్టిన అంకెకు అంత సూక్ష్మం ఎక్కడిది? పైగా సెప్టిక్ ట్యాంకు ఇళ్ల మురుగు శుద్ధి కేంద్రాల గేట్ల దాకా రాదు. అయినా అంకెను ఎంత తగ్గించినా బులెటిన్ కంటే చాలా పెద్దదే. ఒకే గేటు దగ్గర వారం వారం నమూనా పడుతూ పోతే, తలల లెక్క తప్పినా జబ్బు పెరుగుతోందో తగ్గుతోందో తెలిసిపోతుంది. అదీ వీధి వీధికీ పుల్లలు పట్టుకుని తిరగకుండా. నాకు ఈ పద్ధతి మీద మమకారం పుట్టింది అక్కడే. ఇంకో మాట: శుద్ధి అయి బయటికొచ్చే నీళ్లలో వైరస్ జాడ దొరకలేదు.

ఈ పద్ధతి చరిత్రకు ఇక్కడ మిగిలింది నాలుగు ముక్కలే. మురుగులో పోలియో వైరస్‌ను వెతకడం 1940ల నాటికే అమెరికాలో మొదలైంది. మన దేశంలో ముంబయి 2001లో అందుకుంది. 2016లో హైదరాబాద్ మురుగు నమూనాలో టీకా నుంచి పుట్టిన టైప్ 2 పోలియో వైరస్ బయటపడితే, ఒక్క బిడ్డకూ కాలు పడిపోకముందే మూడు లక్షల మంది పిల్లలకు సూదిమందు వేశారు.

ఇంకొన్ని కాల్వల సంగతులు

నెదర్లాండ్స్: 2020 మార్చి 5న అమెర్స్‌ఫోర్ట్ పట్టణం మురుగులో కొవిడ్ వైరస్ ఆర్‌ఎన్ఏ దొరికింది. ఆ ఊళ్లో తొలి కేసులు నమోదైంది ఆరు రోజుల తర్వాత.

గుజరాత్: అహ్మదాబాద్ మురుగులో ఆనవాళ్లున్నాయని 2020లోనే గాంధీనగర్ ఐఐటీ బృందం ప్రకటించింది.

అమెరికా: 2020 ఆగస్టులో అరిజోనా యూనివర్సిటీ ఒక హాస్టల్ మురుగులో వైరస్ జాడ కనిపెట్టింది. వెంటనే 311 మందికి పరీక్షలు చేస్తే ఇద్దరికి పాజిటివ్ వచ్చింది. ఇద్దరిలోనూ ఏ లక్షణమూ లేదు.