పాత యంత్రాలు – కొత్త పరీక్షలు

కంప్యూటరులోని యంత్రభాగాలకూ, మనం వాడే ప్రోగ్రాములకూ నడుమ నిలిచి రెండింటినీ సమన్వయపరిచే మూలవ్యవస్థను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. దాని సోర్స్ కోడ్‌ను అందరూ చదవడానికీ, సవరించడానికీ, పంచుకోవడానికీ వీలుగా ఉంచితే అది ఓపెన్ సోర్స్ వ్యవస్థ అవుతుంది. లినక్స్ ఈ కోవలో మిక్కిలి ప్రసిద్ధమైనది. అంత ప్రచారం లేకపోయినా లోకానికి గొప్ప మేలు చేసిన మరొక వ్యవస్థ ఓపెన్‌బీఎస్‌డీ. దీనిని థియో డి రాట్ 1995లో ప్రారంభించారు. కెనడాలోని కాల్గరీ నగరం దీనికి కేంద్రం.

2014 జనవరిలో ఈ వ్యవస్థకు ఒక విచిత్రమైన ఆపద కలిగింది. కరెంటు బిల్లు కట్టడానికి డబ్బు లేకపోయింది! సుమారు 20,000 డాలర్లు సమకూరకపోతే పని మూతపడుతుందని నిర్వాహకులు ప్రకటించవలసివచ్చింది. ఆ కరెంటును వాడుకొంటున్నవి కాల్గరీలో వరుసగా పేర్చిన రకరకాల యంత్రాలు. వాటిలో కాలం చెల్లినవి కూడా ఉన్నాయి. వాటిని ఆపివేస్తే ఖర్చు తగ్గదా అని అనేకులు ప్రశ్నించారు. ప్రశ్న సహజమైనదే. కానీ సమాధానం తెలుసుకోదగినది.

మన ప్రాచీన శాసనాలలో శకవర్షాలను తరచుగా పదాలతో సూచించేవారు. ‘నేత్ర’ అంటే రెండు, ‘వేద’ అంటే నాలుగు. ఈ రెండింటినీ అదే వరుసలో చెబితే 24 కాదు, 42 అని గ్రహించాలి. అంకెలు కుడినుండి ఎడమకు నడుస్తాయన్నది అక్కడి సంప్రదాయం. అది తెలియనివాడు రాజుల కాలాన్నే తారుమారు చేస్తాడు. కంప్యూటర్లలోనూ ఇటువంటి భేదమే ఉన్నది. ఇంటెల్ ప్రాసెసర్లు సంఖ్యలోని చిన్న స్థానపు భాగాన్ని ముందు భద్రపరుస్తాయి. సన్ సంస్థ రూపొందించిన స్పార్క్ ప్రాసెసర్లు పెద్ద స్థానపు భాగాన్ని ముందు ఉంచుతాయి. ప్రోగ్రామర్ తెలియక ఒకే సంప్రదాయాన్ని నమ్ముకొని రాస్తే ఆ దోషం ఇంటెల్ యంత్రంలో కనిపించదు. స్పార్క్‌లో వెంటనే బయటపడుతుంది. అంతేకాదు, సమాచారాన్ని తప్పుడు హద్దులో చదివితే ఇంటెల్ సాధారణంగా సర్దుకొనిపోతుంది. స్పార్క్ ఆ ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపివేస్తుంది. అందుకే ప్రతి యంత్రమూ మొత్తం వ్యవస్థను తనలోనే కంపైల్ చేసుకోవాలని ఓపెన్‌బీఎస్‌డీ వారు నియమం పెట్టుకొన్నారు. పాత యంత్రం ఇక్కడ పురావస్తువు కాదు, కఠినుడైన పరీక్షకుడు.

ఈ పరీక్షల ఫలితం ఆ బృందానికే పరిమితం కాలేదు. 1995లో హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్క్‌లో పాస్‌వర్డ్‌ల చౌర్యం జరిగిన పిమ్మట, అక్కడి పరిశోధకుడు తాతు ఇలోనెన్ ఎస్‌ఎస్‌హెచ్ అనే రక్షణ విధానాన్ని రూపొందించారు. దాని తొలినాటి ఉచిత ప్రతి ఆధారంగా ఓపెన్‌బీఎస్‌డీ బృందం 1999లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌ను వెలువరించింది. నేడు ప్రపంచవ్యాప్తంగా దూరంలోని సర్వర్లను నిర్వహించేవారికి ఇది నిత్యావసరం. టన్నెలింగ్, అనగా సొరంగ పద్ధతి, దీనిలోని ఒక సదుపాయం. ఒక సమాచార ప్రవాహాన్ని రహస్యలిపిలోకి మార్చి, మరొక ప్రవాహంలో ఇమిడ్చి పంపడమే ఈ పద్ధతి. లక్క ఇంటినుండి పాండవులు తప్పించుకొన్న సొరంగం మనకు గుర్తుకు రాక మానదు. అయితే ఒక భేదం ఉన్నది. పురోచనుడికి సొరంగం ఉన్న సంగతే తెలియదు. నెట్‌వర్క్‌పై నిఘా వేసినవాడికి సొరంగం ఉన్నట్లు తెలియవచ్చు, లోపల సాగే సంభాషణ మాత్రం అంతుబట్టదు. సొరంగం దాటి వెలుపలికి వచ్చిన సమాచారానికి ఈ రక్షణ ఉండదన్న సంగతినీ మరువరాదు.

విరాళాలు అందడంతో 2014లో ఓపెన్‌బీఎస్‌డీ పని ఆగలేదు. అయినా పాత యంత్రాలన్నిటినీ ఎల్లకాలం మోయడం ఎవరి తరమూ కాదు. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్‌ను ఆరంభించినది 386 ప్రాసెసర్ గల కంప్యూటరుపైనే. ఆ ప్రాసెసర్‌లో కొన్ని ఆదేశాలు లోపించినందున దానికోసం ప్రత్యేక ఏర్పాట్లు చేయవలసివచ్చేది. చివరకు 2012 డిసెంబరులో లినక్స్ దానిని వదులుకొన్నది. పుట్టింటి గడపను వదులుకోవడం వంటిదే అయినా అది సమంజసమైన నిర్ణయమే. 2025 ఆగస్టులో విడుదలైన డెబియన్ 13లో, 32 బిట్ల పాత పీసీలపై కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకొనే సదుపాయం తొలగిపోయింది. ఓపెన్‌బీఎస్‌డీ సైతం 2016లో వ్యాక్స్ యంత్రాలకు స్వస్తి చెప్పింది. 64 బిట్ల స్పార్క్‌ను మాత్రం నేటికీ విడువలేదు.