శబ్దము - దేశభేదము - ఆక్రోశము: 'కూలి', 'స్వామి' పదముల పరిశీలనము

శబ్దార్థ సంబంధము నిత్యమని మీమాంసకులును, సాంకేతికమని నైయాయికులును చెప్పుదురు. ఆ వివాద మెట్లున్నను, శబ్దము అర్థముతోబాటు గౌరవమునో తిరస్కారమునో వెంటగొని వచ్చుననుట లోకానుభవ సిద్ధము. అర్థము మారకయే ఈ రెండవ అంశము మారుట కలదు. ఒకచోట నిత్యవ్యవహారములోనున్న మాట, అదే భాష మాటాడు మరియొకచోట వినువాని మనస్సును నొప్పించును. ఆంగ్లభాష నేడు పెక్కు దేశములలో వ్యవహారమందున్నది కావున ఇట్టి నిదర్శనములు ఆ భాషలో మెండు. వానిలో తెలుగువారికి మిక్కిలి దగ్గరివి రెండు. దక్షిణ భారతము నుండి ఓడలెక్కిపోయిన 'కూలి', 'స్వామి' అను రెండు పదములు ఆంగ్లేయుల నోట నిందావాచకములైనవి. ఒకటి శ్రమకు సంబంధించిన సామాన్యపదము. రెండవది దేవునికిని ప్రభువునకును చెల్లు మహాపదము. రెండును ఒకేచోట ఒకే గతి పొందుట వలన, అవమానము అక్షరములలో లేదని తెలియుచున్నది.

మాట వినువానిని నొప్పించు తీరును ఆలంకారికులు దోషప్రకరణమున విచారించిరి. వామనుడు అశ్లీలమును వ్రీడ, జుగుప్స, అమంగళము అను భేదములచే మూడు విధములుగా విభజించెను. అంతటితో నిలువక, అసభ్యార్థ స్ఫురణకు అవకాశమున్నను దోషము కాని పదములను కూడ పేర్కొనెను. వానిలో ఒక తెగ 'సంవృతము'. లోకవ్యవహారమే ఆ పదముల అసభ్యాంశమును కప్పివేయును. 'భగిని' అన్నపుడు ఎవ్వరును సిగ్గుపడరు. 'అభిప్రేతము' అన్నపుడు అందలి ప్రేతశబ్దము ఎవ్వరికిని తోపదు.

ఈ లక్షణమునకు కృష్ణాడెల్టాలోనే చక్కని లక్ష్యము కలదు. గుడివాడ, భట్టిప్రోలులలోని బౌద్ధస్తూపముల దిబ్బలకు 'లంజదిబ్బ' యను పేరు వాడుకలోనికి వచ్చినది. అలెగ్జాండరు రీ 1894లో ప్రకటించిన గ్రంథమున ఈ రెండు స్తూపములను, దివిసీమ చేరువనున్న ఘంటసాల స్తూపమును వర్ణించెను. పెద్దల యెదుట పలుకరాని ఆ పదము ఊరివారి నోట స్థలనామముగా వచ్చినపుడు నింద కాదు. పొరుగు ప్రాంతము నుండి వచ్చినవాడు మాత్రము విని ఉలికిపడును. కప్పుగానున్నది ఆ ఊరి వ్యవహారమే గనుక ఊరు దాటినంతనే ఆ కప్పు తొలగిపోవును.

దేశభేదము వలన దోషము కలుగుట సంస్కృత కవులకును తెలియును. 'రుచిం', 'కురు' అను పదములు ఆ వరుసలో చేరినపుడు నడుమ ఏర్పడు వర్ణసంయోగము ఒక దేశభాషలో అసభ్యార్థము నిచ్చునని వ్యాఖ్యాతలు చెప్పిరి. మమ్మటుడు వ్యంజనావృత్తిని సాధించు సందర్భమున ఈ ఉదాహరణమును గ్రహించెను. అచ్చట ఆ అసభ్యార్థమునకు వాక్యములోని ఏ పదముతోను అన్వయము లేదు. అయినను వినువానికి అది స్ఫురించుచునే యున్నది. వక్త తాత్పర్యము నిర్దోషమైనంత మాత్రమున శ్రోతకు బాధ కలుగకుండ ఉండదనుటకు ఇంతకంటె స్పష్టమైన శాస్త్రనిదర్శనము అక్కరలేదు.

ఆంగ్లమునందలి సామాన్యస్ఖలనములు పెక్కు ఈ అశ్లీలవిభాగమున ఇముడును. 'ప్యాంట్లు' అనగా భారతదేశమునను అమెరికాయందును పైకి తొడుగుకొను ఉడుపు. ఇంగ్లండులో అది లోదుస్తు. పెన్సిలు గీతలు చెరపు 'రబ్బరు'ను ఇంగ్లండులో అడుగవచ్చును. అమెరికా తరగతిగదిలో అడిగినచో తోటివారు నవ్వుదురు, ఏలయన అచ్చట అది గర్భనిరోధక సాధనమునకు పేరు. తెలుగువారి వివాహప్రకటనలలో వధువునకు గుణముగా చెప్పు 'హోమ్లీ' అను విశేషణమునకు అమెరికాలో రూపహీనురాలని అర్థము. మచిలీపట్నమున పెద్దల మరణవార్తను మృదువుగా తెలుపుటకై 'ఎక్స్‌పైర్ అయినారు' అందురు. అమంగళమును కప్పుటకు వాడిన ఈ మాట ఇంగ్లండు, అమెరికా వాసులకు గడువు తీరిన సరకును, అనుమతిపత్రమును గుర్తుచేయును. ఇవన్నియు ఒక నవ్వుతోనో, ఒక వివరణతోనో సమసిపోవు పొరపాట్లు.

అట్లు సమసిపోనివి వేరే యున్నవి. వానిని గ్రహించుటకు అశ్లీలత్రైవిధ్యము చాలదు. అందుకు పాణిని చెప్పిన 'ఆక్రోశము' కావలెను. నింద గమ్యమానమైనపుడు సమాసమున షష్ఠీవిభక్తి లోపింపదని ఆయన ఆరవ అధ్యాయమున విధించెను. ఒక రూపము ఆక్రోశమును తెలుపును, విభక్తి లోపించిన మరియొక రూపము ఊరక అర్థమును తెలుపును. ఈ ప్రకరణమున సంప్రదాయము చేర్చిన 'దేవానాంప్రియ' శబ్దచరిత్ర ప్రసిద్ధమే. కర్నూలు ప్రాంతమునందలి ఎఱ్ఱగుడి శాసనములలో అది అశోక చక్రవర్తి బిరుదు. మహాభాష్యమున అది 'దీర్ఘాయుః', 'ఆయుష్మాన్' అను గౌరవసంబోధనల సరసన నిలిచినది. భట్టోజీదీక్షితుని నాటికి దానికి మూర్ఖుడని అర్థము. దేవతలకు పశువువలె ప్రియమైనవాడు మూర్ఖుడని వ్యాఖ్యాతలు సమర్థించిరి. బౌద్ధద్వేషమే ఈ మార్పునకు కారణమని ఆధునికులలో కొందరి మతము. కారణమేదైనను, మాటలోని ఒక్క అక్షరమైనను మారలేదు. పలుకువారికిని, పలుకబడువారికిని గల సంబంధము మారినది.

ఇక 'కూలి' శబ్దము. తెలుగు, తమిళ, కన్నడములలో కూలి యనగా చేసిన పనికి ముట్టు వేతనము. పని చేయువాడు కూలివాడు. వాడుకలో 'కూలీ'. బెజవాడ యొద్ద 1852-55 సంవత్సరముల నడుమ కృష్ణానదికి ఆనకట్ట కట్టిన పిమ్మట డెల్టాలో వరిసాగు విస్తరించి కూలిజనుల అవసరము హెచ్చెను. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతములలో నాట్లకును కోతలకును 'కూలికి పోవుట' నేటికిని సాధారణ వ్యవహారము. ఆ మాటలో పేదరికము స్ఫురించునేగాని జాతినింద స్ఫురింపదు. పైగా కూలి యనునది అడిగి పుచ్చుకొను హక్కు.

ఆంగ్లమున ఈ పదము యొక్క మూలమును గూర్చి రెండు మతములు కలవు. ద్రావిడ 'కూలి' శబ్దమే మూలమని ఒకటి, గుజరాతునందలి 'కోలీ' జాతినామము మూలమని రెండవది. పదము ఎచ్చట పుట్టినను దానికి చేదు పుట్టినచోటు స్పష్టముగనే తెలియుచున్నది. బ్రిటిషు పార్లమెంటు 1833లో బానిసత్వ నిర్మూలన చట్టమును చేసిన పిమ్మట చెఱకుతోటల యజమానులు ఒప్పందముపై భారతీయులను కొనిపోసాగిరి. 1834 నవంబరు 2వ తేదీన 'అట్లాస్' ఓడ మారిషసు చేరెను. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసు నుండి బయలుదేరిన 'ట్రూరో' ఓడ నేటాలులోని డర్బన్ రేవును చేరెను. 1911 వరకు నేటాలునకు ఒప్పందముపై వెళ్ళినవారు సుమారు 1,52,000 మంది. కోస్తా తెలుగువారు వారిలో గణనీయముగ నుండిరి. ఫిజీకి మద్రాసు నుండి ఓడలు 1903లో మొదలైనవి.

ఆ దేశములలో 'కూలీ' అనునది వేతనమును విడిచి మనిషిని పట్టుకొన్నది. పిదప మనిషి చేయు పనిని కూడ విడిచి అతని జాతిని పట్టుకొన్నది. 1893లో డర్బన్ చేరిన గాంధీ 'కూలీ బారిస్టరు' అయ్యెను. భారతీయ వర్తకులు 'కూలీ వర్తకులు' అయిరి. కూలి పుచ్చుకొనువాడు కూలీ యనుట యౌగికము. కూలి పుచ్చుకొననివాడును కూలీయే యనునపుడు యోగార్థము నశించి రూఢి మాత్రమే మిగిలినది. ఆ రూఢిని నిర్మించినవాడు కొరడా పట్టిన యజమాని. అందుచేతనే దక్షిణాఫ్రికా, ఫిజీ, ట్రినిడాడు, గయానా దేశములందలి భారతసంతతికి నేటికిని ఆ పదము శ్రవణకటువు. భారతదేశపు ఆంగ్లమున మాత్రము రైలుస్టేషనులో సామాను మోయువానిని ఎట్టి సంకోచమును లేక అట్లే పిలిచిరి. 2016 రైల్వే బడ్జెటులో ఆ పేరునకు మారుగ 'సహాయక్' అను పేరు ప్రకటింపబడినది.

'స్వామి' శబ్దకథ మరింత విచిత్రము. పాణిని ఐశ్వర్యార్థమున నిపాతనముచే సిద్ధముచేసిన పదమిది. దివిసీమలో మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడు స్వామి. శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును స్వామియే. దక్షిణాదివారి పేర్ల చివర ఆ పదము తరచుగ వినబడుటచే నేటాలు ఆంగ్లేయులు ప్రతి భారతీయ కూలివానిని 'సామి' అని పిలువసాగిరి. గాంధీ తన ఆత్మకథలో ఈ విషయమును వివరించి, ఆ పదమునకు యజమాని యని అర్థమనియు, కొందరు భారతీయులు పిలిచినవానికే ఆ అర్థమును గుర్తుచేసి బదులు చెప్పెడివారనియు వ్రాసెను. పిలుచువాడు తెలియక ప్రభువా యని పిలుచుచున్నాడు. పిలువబడువాడు దాని అర్థమెరిగియు అవమానమును పొందుచున్నాడు. దేవానాంప్రియ శబ్దమునకు పట్టిన గతియే స్వామిశబ్దమునకును పట్టినది.

ఇతరులు పెట్టిన పేర్లు తెలుగువారికి క్రొత్త కావు. ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నమున వర్తకస్థానమును నెలకొల్పెను. ఆంగ్లేయులు తెలుగుభాషను 'జెంటూ' అనిరి. అన్యమతస్థుడని అర్థమిచ్చు పోర్చుగీసు పదము దానికి మూలము. క్యాంబెల్ 1816లో ప్రకటించిన తెలుగు వ్యాకరణపు పేరులోనే, సామాన్యముగ జెంటూ యని పిలువబడు భాష యను మాట కలదు. మచిలీపట్నపు అద్దకపు వస్త్రములు తూర్పు ద్వీపములకు ఎగుమతియైన కాలమున అచ్చట దక్షిణాది వర్తకులను 'కెలింగ్' అనెడివారు. అది కళింగశబ్దభవము. మలేషియా, సింగపూరులలో నేడు భారతీయుని ఆ పేరుతో పిలుచుట నింద. పినాంగులో ఒక మసీదు పేరున మాత్రము అది నిర్దోషముగ నిలిచియున్నది. జెంటూ శబ్దము వాడుక తప్పి నిర్విషమైనది. కెలింగ్ శబ్దము వాడుకలో నిలిచి విషమెక్కినది.

అన్యుల మాటలచే నొచ్చినవారు తాము పలుకు మాటలను కూడ పరీక్షించుకొనవలసియున్నది. గుడివాడలో పెద్దవారు ఎదిగిన యువకుని 'అబ్బాయీ' యని పిలుచుట వాత్సల్యము. దానినే ఆంగ్లమున 'బాయ్' అని మార్చి నల్లజాతి అమెరికనుని పిలిచినచో అది గాయమగును. బానిసయజమానులు ఎదిగిన పురుషులను, వృద్ధులను సైతము ఆ మాటతోనే పిలిచియుండిరి. డెల్టాలో వడ్ల వర్తకులు రోజంతయు పలుకు 'ప్యాడీ' మలయ్ భాష నుండి వచ్చిన నిరపాయమైన పదము. అదే ధ్వనిగల మరియొక పదము పాట్రిక్ అను పేరు నుండి పుట్టి ఐరిషువారిని హేళనచేయు మాటయైనది. తెలుగులోనే కృష్ణామండలమున 'జీతము' ఉద్యోగికి గౌరవము. తెలంగాణములో 'జీతగాడు' అనగా దొర యింటను రైతు యింటను కట్టుబడి పనిచేసినవాడు.

ఇట్టి పదములను నిషేధించుటయే మార్గమా? అట్లు కాదు. దివిసీమ నాట్లపొలమున 'కూలి' నిర్దోషము. లోకవ్యవహారము దానిని కాపాడుచున్నది. ఆ పదమును వారసత్వముగ పొందినవారే దానిని తిరిగి చేపట్టుటయు కలదు. మారిషసు కవి ఖల్ తొరాబుల్లీ 1992లో 'కూలిట్యూడ్' అను భావనను ప్రతిపాదించెను. గయానాలో పుట్టిన గాయుత్ర బహదూర్ తన ముత్తవ్వ చరిత్రను అన్వేషించి వ్రాసిన గ్రంథమునకు 2013లో 'కూలీ వుమన్' అని పేరుపెట్టెను. వారి నోట అది నింద కాదు. అదే పదమును అన్యుడు వారిపై ప్రయోగించినచో నిందయగును.

ఈ భేదమును తెలుపు సాధనము శాస్త్రమున సిద్ధముగనే యున్నది. ఆర్థీవ్యంజనకు హేతువులుగ మమ్మటుడు వక్తృవైశిష్ట్యము, బోద్ధవ్యవైశిష్ట్యము మొదలుగ దేశకాలముల వరకు పరిగణించెను. పలుకువాడెవడు, వినువాడెవడు, ఏ దేశమున, ఏ కాలమున అను ప్రశ్నలకు సమాధానము తెలియనిదే పదము యొక్క పూర్ణార్థము తెలియదు. నిఘంటువు 'కూలీ' పదమునకు ఎదుట అదే ధ్వనిగల ఆంగ్లపదమును వ్రాసి ఊరకుండుట అసమగ్రము. వేతనశ్రామికుడను అర్థముగల ఆంగ్లపదమునిచ్చి, ప్రయోగదేశమును, నిందాస్ఫురణను కూడ సూచింపవలెను. అనువాదము నేర్పు అధ్యాపకుడు అలంకారశాస్త్రములోని ఈ ప్రకరణమును కావ్యములకే పరిమితము చేయక నిత్యవ్యవహారమునకు అన్వయించి బోధించుట యుక్తము. డెల్టా గ్రామముల నుండి విద్యకును వృత్తికిని ఆంగ్లభాషాదేశములకు పోవు యువతరమునకు వ్యాకరణశుద్ధి ఎంత అవసరమో, శ్రోతృహృదయ పరిజ్ఞానమును అంతే అవసరము.