కఫీల్ కట్టాల్సింది కార్మికుడు కడుతుంటే...

మదరసాలో హిదాయా గ్రంథం చెప్పేటప్పుడు కఫాలత్ అధ్యాయానికి వచ్చామంటే మేము పిల్లల ముందు ఎప్పుడూ ఒకే ఉదాహరణ పెడుతుంటాం. జైద్‌కు బకర్ వంద దిర్హములు బాకీ ఉన్నాడు. అమర్ మధ్యలోకి వచ్చి ఆ బాకీకి నేను పూచీ అంటాడు. బాకీ పడ్డ బకర్ అసీల్, పూచీ పడ్డ అమర్ కఫీల్. అంటే ఇతరుల బరువు తన భుజాన వేసుకునేవాడే కఫీల్. మర్యం బాధ్యతను హజ్రత్ జకరియ్యా (అ) స్వీకరించిన సందర్భంలోనూ, అనాథను సాకేవారి గొప్పతనం చెప్పే హదీసులోనూ వచ్చేది ఈ మాటే.

మా దగ్గర పదిహేనేళ్ల క్రితం చదువుకున్న ఒక శిష్యుడు ఈమధ్య రియాద్ నుంచి సెలవుపై నిజామాబాద్ వచ్చి, జుమా నమాజు తరువాత మమ్మల్ని కలిశాడు. పాఠం జ్ఞాపకం ఉందా అని అడిగితే నవ్వాడు. "ఉంది ఉస్తాద్. కాని అక్కడ మా కఫీల్ నాకు జామీను కాదు, నేనే ఆయనకు జామీను" అన్నాడు. జేబులోంచి ఒక కాగితం తీసి చూపాడు. అందులో అకామా ఫీజు 650 రియాళ్లు, పని అనుమతి 100, 'మక్తబ్ అమల్' 9,600 అని రాసి ఉంది. మొత్తం ఏడాదికి 10,350 రియాళ్లు. ఆరోగ్య బీమా, కఫీల్‌కు నెలనెలా ముట్టజెప్పే 300 ఇందులో లేవు. ఏసీ మెకానిక్‌గా అతని సంపాదన నెలకు సుమారు 2,500. అంటే ఏడాదిలో నాలుగు నెలల పైచిలుకు కష్టం ఈ ఒక్క కాగితానికే పోతున్నది.

మన కార్మికులు మక్తబ్ అమల్ అని పిలుచుకునేది విదేశీయుల్ని పనిలో పెట్టుకున్న కంపెనీలపై సౌదీ ప్రభుత్వం విధించిన లెవీ. దీని కథ తెలియకుండానే చాలామంది కడుతున్నారు గనుక కొంచెం వివరంగా చెప్పుకుందాం. 2012 నవంబరులో ఇది మొదలైంది. ఏ కంపెనీలోనైనా సౌదీల కంటే విదేశీయుల సంఖ్య ఎక్కువైతే, ఆ ఎక్కువైన ప్రతి మనిషికీ కంపెనీ నెలకు 200 రియాళ్ల లెక్కన కట్టాలన్నారు. చమురు ధర 2014లో పడిపోయాక ఖజానాకు వేరే ఆదాయం వెతుక్కోవలసి వచ్చింది. 2016 డిసెంబరులో ప్రకటించిన ఆర్థిక కార్యక్రమంలో లెవీని ఏటేటా పెంచే పట్టిక వచ్చింది. దాని ప్రకారం 2018లో నెలకు 400, 2019లో 600, 2020లో 800 అయింది. సౌదీల సంఖ్య విదేశీయులతో సమానంగా గాని, అంతకంటే ఎక్కువగా గాని ఉన్న కంపెనీలకు వంద తక్కువ. ఈ బరువుకు కార్ఖానాలు తట్టుకోలేవని గ్రహించి 2019 అక్టోబరు నుంచి పరిశ్రమల లైసెన్సు ఉన్న సంస్థల తరఫున ప్రభుత్వమే లెవీ భరించింది. దుకాణాలకు, కాంట్రాక్టు కంపెనీలకు ఆ ఊరట దక్కలేదు.

కుటుంబాలపై వేసిన మురాఫికీన్ ఫీజు వేరు. అది 2017 జూలైలో తలకు నెలకు 100తో మొదలై 2020 నాటికి 400కు చేరింది. దానిని కట్టవలసింది కుటుంబ పెద్దే, అందులో వివాదం లేదు. భార్య, ముగ్గురు పిల్లలు ఉంటే ఏడాదికి 19,200 రియాళ్లు. ఆ ఏళ్లలో ఎన్ని కుటుంబాలు సామాన్లు సర్దుకుని హైదరాబాదుకు తిరిగి వచ్చాయో పాఠకులకు తెలిసిందే.

తమ యువకులకు ఉద్యోగాలు దొరకాలని ఏ ప్రభుత్వమైనా కోరుకుంటుంది. పరదేశి చౌకగా దొరుకుతున్నంత కాలం కంపెనీవాడు స్వదేశీయుని వంక చూడడు గనుక పరదేశిని కొంత ఖరీదు చేయాలన్నది ఈ లెవీ వెనుక ఉన్న ఆలోచన. దానిని మేము తప్పుపట్టడం లేదు. కాని ఆ డబ్బు యజమాని జేబులోంచి పోయినప్పుడే ఆ ఉద్దేశం నెరవేరుతుంది. కార్మికుని జేబులోంచి పోతే యజమానికి పరదేశి మునుపటి వలె చౌకగానే ఉంటాడు, సౌదీ యువకుడు మునుపటి వలె ఖాళీగానే ఉంటాడు. నష్టపోయేది పరదేశి ఒక్కడే.

చట్టం ఈ విషయంలో మౌనంగా లేదు. 2005 నాటి సౌదీ కార్మిక చట్టం 40వ నిబంధన అకామా, పని అనుమతి ఫీజులు, వాటి రెన్యూవల్, ఆలస్యమైతే పడే జరిమానా, చివరికి తిరుగు టికెట్టు అన్నీ యజమానివేనని చెబుతున్నది. సింగపూరులోనూ అంతే. అక్కడ లెవీని కార్మికుని జీతంలో కోయడం నేరం. మలేషియాలో మాత్రం విచిత్రం జరిగింది. 2009లో లెవీ యజమానిదే అన్నారు, 2013లో జీతంలోంచి కోసుకోవచ్చన్నారు, మళ్లీ 2018 జనవరి నుంచి యజమానిదే అన్నారు. నడుమ ఐదేళ్లు కట్టినవారిది కట్టినట్టే పోయింది.

మరి మా శిష్యుడు ఎందుకు కడుతున్నాడు? అతనిది 'ఆజాద్ వీసా'. ఆ పేరుతో సౌదీ చట్టంలో ఏ వీసా లేదు. పేరుకు ఒక కంపెనీ మనిషి, పని చేసేది మరొకచోట. ఇలా చేయడం చట్టవిరుద్ధం, దొరికితే జరిమానా, దేశబహిష్కరణ. ఇంత తెలిసీ మనవాళ్లు లక్షలు పోసి దానిని కొంటున్నారు. అమ్మేది ఎవరో కాదు, చాలాసార్లు అక్కడే ఉన్న మన బంధువే. తమ్ముడా నీకు మేలు చేస్తున్నానంటూ అమ్ముతాడు. ఈ మాట రాస్తే కొందరు సోదరులకు కోపం వస్తుందని తెలుసు, అయినా రాయక తప్పదు.

ఇంకో పద్ధతి కూడా నడుస్తున్నది. ఇంటి డ్రైవరు, ఇంటి పనివారిపై మామూలుగా ఈ లెవీ లేదు. 2022 నుంచి ఒక సౌదీ ఇంట్లో నలుగురికి మించితేనే పడుతుంది. అందుచేత ఇంటి డ్రైవరు వీసా తెప్పించి దుకాణంలో పెడతారు. లెవీ తప్పిందని ఇద్దరూ సంతోషిస్తారు. కాని మూడు నెలలు జీతం ఆగినా, అకామా గడువు దాటినా కఫీల్ అనుమతి లేకుండానే మరో యజమాని వద్దకు మారవచ్చని 2021 మార్చిలో వచ్చిన సంస్కరణ ఇంటి పనివారికీ, సొంత డ్రైవర్లకూ వర్తించలేదు.

"యజమాని అడిగాడు, నువ్వు ఒప్పుకున్నావు, ఇక అన్యాయం ఎక్కడుంది?" అని మేము అతనిని కావాలనే అడిగాం. పాఠం మరచిపోలేదు, వెంటనే జవాబిచ్చాడు. "ఉస్తాద్, చట్టం లెవీ వేసింది కంపెనీ మీద. కాబట్టి అసీల్ కంపెనీ. నేను కట్టానంటే దాని మాట మీద కట్టిన కఫీల్‌ని. ఒకరి మాట మీద పూచీపడి చెల్లించినవాడు అసీల్ దగ్గర తిరిగి వసూలు చేసుకోవచ్చని మీరే చెప్పారు కదా!" మేము ముఫ్తీలం కాము, ఫత్వా ఇవ్వం. కాని ఇందులో తప్పు మాకు కనబడలేదు. అకామా ఎదుటివాడి చేతిలో పెట్టుకుని పొందిన ఒప్పుకోలును మనస్ఫూర్తి అంగీకారమని అనలేం.

అయితే వసూలు చేయడం ఎలా? లేబర్ కోర్టుకు పోతే పనిచేసింది వేరేచోటని తానే ఒప్పుకోవాలి. అప్పుడు ముద్దాయి అయ్యేది తానే. ఆజాద్ వీసా బలం అంతా ఇక్కడే ఉంది. అందుకే కొత్తగా వెళ్లేవారికి మేము చెప్పేది, వీసాపై రాసిన పనీ, చేయబోయే పనీ ఒకటేనా అని ముందు చూసుకోండి. చేరాక ఒప్పందం 'కివా'లో నమోదైందో లేదో, అకామా గడువు ఎప్పటిదాకో 'అబ్షర్'లో మీరే చూసుకోండి, ఎవరినీ అడగనక్కరలేదు.

మా శిష్యుడు నిజంగా పనిచేస్తున్న వర్క్‌షాపు యజమాని అతనిని తన పేరున మార్చుకోవడానికి ఒప్పుకున్నాడట. బదిలీ ఫీజు కూడా కొత్త యజమానిదేనని అదే 40వ నిబంధన చెబుతున్నది. కాని మొదటి ఏడాది లెవీలో సగం నువ్వు పెట్టుకోవాలని ఆయన షరతు. "సగం తగ్గింది కదా ఉస్తాద్" అంటూ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పోయిన మంగళవారం శంషాబాదులో విమానం ఎక్కాడు.