కారు పొగగొట్టపు గాస్కెట్టు

గాస్కెట్టు అను మాట యెఱుగని గృహిణి యుండదు. కుక్కరు మూతలోని రబ్బరుచుట్టు అరిగినచో ఆవిరి ప్రక్కలనుండి పోయి పప్పు సరిగా నుడుకదు. కారు ఇంజనునకును గాస్కెట్లు గలవు. వానిలో మెకానిక్కులు ఎగ్జాస్టు గాస్కెట్టు అనునది చెడినచో నష్టము పప్పుతో పోదు. ప్రాణముల మీదికి వచ్చును. కావున దానిని గూర్చి సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

ఇంజనులో పెట్రోలు గాని డీసెలు గాని మండగా పుట్టిన వాయువులు మ్యానిఫోల్డు అను గొట్టముల గుంపులోనికి వచ్చి, అచటినుండి పొడవైన గొట్టము గుండ సైలెన్సరును జేరి, బండి వెనుక వెలువడును. ఇంజనునకు మ్యానిఫోల్డు అతుకుచోటను, మ్యానిఫోల్డునకు గొట్టము చేరుచోటను లోహపు రేకుతోనో గ్రాఫైటుతోనో చేసిన పలుచని గాస్కెట్టు నుంతురు. పెట్రోలు కారులో ఈ వాయువుల వేడిమి ఒక్కొక్కప్పుడు 800 డిగ్రీల సెంటిగ్రేడు దాటును. లోహము వేడికి సాగుచు, చల్లాఱి ముడుచుకొనుచు నుండుటచే కాలక్రమమున బోల్టులు వదులగును. గాస్కెట్టు కాలి చిల్లిపడును. మన సీమలో మఱి రెండు కారణములు తోడగును. అంతర్వేది, నరసాపురము వంటి తీరప్రాంతముల ఉప్పుగాలికి బోల్టులు త్రుప్పుపట్టును. లంకల కాజ్‌వేలపై నీటిలో బండి దింపినచో కాగిన లోహము చప్పున చల్లాఱి పగులవచ్చును. ఇందులకు 1986లోను 2022లోను వచ్చినట్టి పెద్దవఱదలు రానక్కఱలేదు. ఏటేటి శ్రావణపు నీరు చాలును.

పొగను జూచి నిప్పు నూహింపుమని తర్కశాస్త్రము నేర్పును. ఇచట ఆ యూహ చాలదు. ఈ వాయువులలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన బలముతో నెత్తురులోని హిమోగ్లోబినును పట్టుకొనును. తలనొప్పి, కడుపులో త్రిప్పుట, మగత దాని గుఱుతులు. వర్షమునకు అద్దములు బిగించుకొని రాజమహేంద్రవరమునుండి అమలాపురము పోవునపుడు వెనుక కూర్చున్న పిల్లలు సోలిపోయినచో, నిద్రయే యని యూరకుండరాదు. గర్భవతులకును శిశువులకును కీడు మఱింత యధికము.

కావున చెవితో గనిపెట్టవలెను. ప్రొద్దుట ఇంజను కదలింపగానే టిక్కు టిక్కుమను చప్పుడు వచ్చి, వేడెక్కినకొలది తగ్గుచున్నచో జాగ్రత్తపడుడు. రోగము తీఱలేదు, లోహము సాగి చిల్లిని కొంతసేపు మూసినది. అతుకుచోట మసి, బండిలోపల పొగవాసన, ఇంజను దీపము వెలుగుట తక్కిన గుఱుతులు. దారిలో పొగవాసన గాని మగత గాని తోచినచో వెంటనే బండి నాపి, అందఱును గాలికి దిగి, ఒడలు బాగుగా లేనివారిని వైద్యునకు జూపవలెను.

బాగుచేయువానిని నాలుగు సంగతు లడుగుడు. ఇంజను చల్లాఱిన పిదపనే విప్పుచున్నాడా? పాతదానిని మరల వేయక క్రొత్త గాస్కెట్టు వేయుచున్నాడా? అతుకుతలమును శుభ్రపఱచి, వంపు గలదేమో చూచెనా? బోల్టులను నడుమనుండి అంచులకు, కంపెనీ చెప్పిన బిగువున, టార్కు రెంచితో బిగించెనా? చిల్లిపై లప్పము పూసి పంపుట చికిత్స కాదు. పాతబండ్ల గాస్కెట్లలో ఆస్బెస్టాసు ఉండవచ్చును గాన, దాని ధూళిని ఊదనీయరాదు.

మూసిన షెడ్డులో ఇంజను ఎన్నడును నడుపరాదు. ఏటేట తొలకరికి ముందే ఈ అతుకులను చూపించుకొనుడు. ఖర్చు స్వల్పము; కాపాడునది బండిలోని బిడ్డల యూపిరి.