పిస్తోలు పిడికి గరుకుదనము

పిస్తోలును గట్టిగా పట్టుకొనవలెనని చెప్పినచో కొత్తగా నేర్చువారు చేయు మొదటి పని పిడికిలి బిగించుట. రెండు నిముషములలో చేయి వణకును, గురి చెదరును. "గట్టిగా" అను మాటకు ఇచ్చట అర్థము వేరు. పిడి చేతిలో జారరాదు, తిరుగరాదు. చేయి దానిని నలిపివేయనురాదు. ఈ రెంటిని పొందించుటకై ఆయుధములు చేయువారు కనిపెట్టిన ఉపాయమే పిడిని గరుకు చేయుట. పిస్తోలు అనగానే ఉలికిపడనక్కరలేదు. మేము చెప్పబోవునది ఆటను గూర్చి. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో మన హైదరాబాదు యువతి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్తోలు పోటీయందు రజత పతకము గెలిచినది ఈ ఆటలోనే.

ఒలింపిక్ క్రీడలలోని 10 మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీనే తీసికొందము. పోటీదారు నిలువబడి, ఒక్క చేతితో పిస్తోలును చాచి పట్టి కాల్చవలెను. మణికట్టుకు ఏ ఆధారమును ఉండరాదు. పిస్తోలు బరువు 1500 గ్రాములకు మించరాదు. అర్హత పోటీలో 60 గుండ్లు కాల్చవలెను. గురిపలక నడుమ పది మార్కుల వలయపు అడ్డుకొలత 11.5 మిల్లీమీటర్లు, అనగా చిటికెనవ్రేలి గోరంత. పిస్తోలు మీది ముందు గురిగుర్తునకును వెనుక గంటునకును నడుమ దూరము 35 సెంటిమీటర్లని అనుకొందము. ఆ రెంటి పొందిక అర మిల్లీమీటరు చెదరినచో గుండు గురిపలకపై 14 మిల్లీమీటర్లు పక్కకు పోవును. పది మార్కులు పోయినట్లే!

ఆ చెదరుట తరచుగా మీట నొక్కునప్పుడు వచ్చును. ఎయిర్ పిస్తోలు మీట కదలుటకు కనీసము 500 గ్రాముల ఒత్తిడి వలయునని నియమము. చూపుడువ్రేలొక్కటే నొక్కవలెను, తక్కినవి ఊరకుండవలెను. పిడికిలి బిగిసియున్నచో అవియు తోడుదొంగలవలె కలిసి కదలును.

దీనికి తోడు చెమట. ఒంటికి ఎండవలన చెమట పట్టును. అరచేతికి, అరికాలికి మాత్రము ముఖ్యముగా మనసులోని కలవరమువలన పట్టును. పరీక్షలో కలము జారుట అందరెరిగినదే. కడపటి గుండు కాల్చువేళకే చేయి తడియగుట పోటీదారుల దౌర్భాగ్యము. కొంచెము తడి మేలే చేయును. గడ్డపార పట్టబోవు కూలివాడు అరచేతిలో ఉమ్మివేసికొనుట ఊరకకాదు. తడిసి మెత్తబడిన చర్మము కొయ్యను బాగుగా అంటుకొనును. తడి మించి నీటిపొర ఏర్పడినచో అదే చర్మము జారిపోవును. నున్నని పిడిపై ఆ నీటికి పోవు చోటు లేదు. గరుకు పిడిపై అది గుంటలలోనికి దిగును. ఎత్తైన మొనలు చర్మమును పట్టియుండును.

జారకుండ ఆపు శక్తి రెండింటివలన కలుగును: చేయి నొక్కు బలము, తలము యొక్క రాపిడి. రాపిడి ఇనుమడించినచో బిగింపు సగము చాలును. చేతిని వదులుగా ఉంచుటకే పిడిని గరుకు చేయుదురు. ఈ సంగతి తెలియక, గరుకు పిడి కొని మునుపటికంటె బిగించి పట్టువారిని చూచిన జాలి కలుగును.

తిరగలి నునుపెక్కినచో దానికి కక్కు కొట్టించుట మన ఇండ్లలో ఎరిగినదే. పిడికి కక్కు కొట్టుటయు ఇంచుమించు అట్టిదే గాని పని మిక్కిలి సున్నితము. పాత పద్ధతి గళ్ళ చెక్కడము. వాల్నట్ కొయ్యపై మొదట అంచుగీత గీసి, ఏటవాలుగా రెండు మూలరేఖలను ఒకదానినొకటి ఖండించునట్లు గీయుదురు. పిమ్మట రెండు వరుసల పండ్లుగల చిన్న పనిముట్టుతో, ఒక వరుస పాతగాడిలో నడచుచుండగా రెండవది పక్కన కొత్తగాడి తీయును. అంగుళమునకు 20 గీతలు పడినచో గాడికి గాడికి నడుమ 1.27 మిల్లీమీటర్లు. గాళ్ళు లోతెక్కినకొలది నడుమ మిగిలిన కొయ్య చిన్న చిన్న గోపురములవలె మొనదేలును. పనిముట్టు ఒక్కసారి అంచుగీత దాటినచో ఆ మచ్చ మాన్పరానిది. 1911లో అమెరికా సైన్యము స్వీకరించిన కోల్ట్ పిస్తోలు కొయ్యపలకలపై ఇట్టి గళ్ళే యుండెను. మరల చుట్టు మాత్రము వజ్రాకారముగా నున్నని చోటు విడిచిరి. రెండవ ప్రపంచ యుద్ధకాలమున కొయ్యకు మారుగా ప్లాస్టిక్ పలకలు రాగా గళ్ళను అచ్చులోనే పోసిరి.

చేతి ఆకారమునకు మలచిన పోటీ పిడిపై వంపులెక్కువ. తిన్నని గీతలు నిలువవు. అందుచే మొనగల ఉక్కుకడ్డీని సుత్తితో మెల్లగా కొట్టుచు వేలకొలది చుక్కలు దట్టముగా పొడుతురు. మేమైనచో దీనినే మెచ్చుకొందుము. చిన్న తప్పులు చుక్కలలో కలిసిపోవును. ప్లాస్టిక్ పిడులపై కాల్చిన ఇనుప మొనతో పొడుచువారును కలరు. పలుచని చోట రంధ్రము పడవచ్చును. పొగ పీల్చుట మంచిది కాదు. చేయదలచినవారు మొదట గరుకు పట్టీ అంటించి చూచుకొనుట మేలు, నచ్చకున్న ఊడదీయవచ్చును. ఏ పనికైనను ముందు పిస్తోలులో గుండు లేదని నిశ్చయించుకొని, పిడిని విప్పి వేరుచేయవలెను.

గరుకు అంతటను వలదు. అరచేయి ఒరయు పక్కలందును, నడిమి వ్రేళ్ళు చుట్టుకొను ముందుభాగమందును ఉండవలెను. చూపుడువ్రేలు పోవు దారి నున్నగా ఉండవలెను. వ్రేలు కొయ్యకు తగిలినచో మీటతోపాటు పిస్తోలునుకూడ నెట్టును. మొనలు మరీ వాడియైనను కష్టమే. చర్మము చిట్లుట అటుంచి, చేయి మొదట తాకినచోటనే చిక్కుకొని తన స్థానమునకు సర్దుకొనలేదు. నేటి పట్టు నిన్నటి పట్టువలె ఉండనిచో సాధన యంతయు వ్యర్థము. హంగరీ దేశస్థుడు కారొయ్ టకాచ్ 1938లో గ్రెనేడు పేలి కుడిచేయి చెడగా, ఎడమచేతితో మొదటినుండి నేర్చుకొని 1948, 1952 ఒలింపిక్ క్రీడలలో ర్యాపిడ్ ఫైర్ పిస్తోలు స్వర్ణములు గెలిచెను. ఒక చేతికి అలవడిన పట్టును వేరొక చేతికి నేర్పుట ఎంతటి పనియో ఊహించుకొనవచ్చును.

గాళ్ళలో చెమటయు మురికియు పేరుకొన్నచో గరుకు పోవును. పళ్ళకుంచెవంటి పొడికుంచెతో అప్పుడప్పుడు దులుపవలెను. కొన్నేండ్లకు మొనలు అరిగి అక్కడక్కడ నిగనిగలాడును. మరల చెక్కించుటకు ముందు ఆ మచ్చలను వెలుతురులో చూడవలెను. చేయి ఎక్కడ అక్కరకు మించి నొక్కుచున్నదో అవి చూపును.