పాత నకళ్లతో నిండిన గాదె... ఐసులో ఎదురుచూసిన రొయ్య
తీసినవాడు మరిచాడు, కంప్యూటర్ ఆగింది - నష్టం రైతుకు మిగిలింది

(మా గ్రామీణ విలేఖరి)

నెల్లూరు తీరం: "సర్వర్ పనిచేయటం లేదు" అన్న మాట నేడు మన పల్లెల్లో "కరెంటు లేదు" అన్నంత మామూలైపోయింది. ఎందుకు పనిచేయటం లేదని ఎవరూ అడగరు. అడిగినా చెప్పేవారుండరు. అయితే ఆ మాట వెనుక ఒక్కోసారి ఎంత చిన్న మరపు ఉంటుందో, అందువల్ల ఎంత నష్టం జరుగుతుందో తీరంలోని ఒక రొయ్యల కొనుగోలు షెడ్డు దగ్గర ఈ విలేఖరి కళ్లారా చూడటం జరిగింది.

అర్ధరాత్రి దాటాక గుంటల్లో పట్టుబడి మొదలయింది. తెల్లవారుజామున నాలుగు గంటలకల్లా ఆటోలు, ట్రాక్టర్లు షెడ్డు ముందు బారులు తీరాయి. తూకం వేసి, కౌంటు తీసి, మేత బాకీ మినహాయించి చీటీ ఇచ్చేది కంప్యూటరే. మూడో రైతు వంతు వచ్చేసరికి తెర కదలలేదు. గుమాస్తా రెండుసార్లు ఆపి వేశాడు. ఫలితం లేదు. సర్వరులో చోటు నిండిపోయిందని మాత్రం తెర మీద కనపడింది.

"ఏంది అబ్బయా ఇది! రొయ్య కదా, వడ్లా కాచుకోనుండేదానికి? ఐసు కరిగిపోతా ఉండాది," అంటూ ఒక పెద్దాయన మండిపడ్డారు. చేత్తో చీటీ రాసి ఇవ్వమని రైతులు అడిగారు. మేత బాకీలు ఎంతెంత అన్నది కంప్యూటరులో తప్ప మరెక్కడా లేదని గుమాస్తా తల పట్టుకున్నాడు. రైతులు తమ డబ్బుతోనే మళ్లీ ఐసు తెప్పించి పోయించుకున్నారు.

అసలు జరిగిందేమిటి?

ఎనిమిది గంటలకు నెల్లూరు నుంచి ఒక కుర్రవాడు మోటారు సైకిలు మీద వచ్చాడు. అతడు విప్పి చెప్పిన సంగతి ఇది.

ఆ షెడ్డులో ఉన్నది ఒకే సర్వరు. కాని దాని కడుపులో నాలుగు కంప్యూటర్లు పనిచేస్తుంటాయి. ఒకటి ఖాతాలకు, ఒకటి తూకానికి, ఒకటి కూలి లెక్కలకు, ఒకటి ఎప్పుడో పరీక్ష కోసం పెట్టినది. ఒకే ఇంట్లో నాలుగు కాపురాల వంటి ఈ ఏర్పాటును వర్చువల్ మెషీన్లు అంటారు. నాలుగింటికీ సామాను దాచుకునే గాదె మాత్రం ఒక్కటే.

ఖాతాల ప్రోగ్రాం మార్చవలసి వచ్చినప్పుడు, మార్పు బెడిసికొడితే వెనక్కి రావటానికి వీలుగా ముందుగా ఒక గుర్తు పెట్టుకుంటారు. దానిని స్నాప్‌షాట్ అంటారు. పేరు చూసి ఇది ఫొటో వంటిదనీ, తీసి పక్కన పెడితే సరిపోతుందనీ చాలామంది భ్రమపడతారు. పొరపాటంతా అక్కడే ఉన్నది.

"పెదనాయనా, మీ కాలంలో కరణం గారి లెక్కల పుస్తకం గుర్తుందా?" అని ఆ కుర్రవాడు పెద్దాయనను అడిగాడు. 1984లో కరణాల పద్ధతి రద్దయింది గాని, పెద్దలకు ఆ పుస్తకం మరపు రాలేదు. "ఈ రోజుతో పుస్తకానికి సీలు వేసినారనుకోండి. రేపటినుంచి అందులో ఒక్క అక్షరం రాయకూడదు. కొత్త లెక్కలు, దిద్దుబాట్లు అన్నీ విడి కాగితాల మీదే రాయాల. స్నాప్‌షాట్ అంటే అదే. నెల తర్వాత మళ్లీ తీస్తే ఆ కాగితాల కట్టకు కూడా సీలు పడుతుంది, ఇంకో కట్ట మొదలవుతుంది. బాకీ ఎంతో చూడాలంటే పుస్తకమూ, కట్టలూ అన్నీ తిరగేయాల. అందుకే కంప్యూటరు నిదానమయింది. కట్టలు పెరిగి బీరువా నిండింది. కొత్త కాగితం పెట్టే చోటు లేక ఈ పొద్దు ఆగింది."

ఒక్కొక్క కట్ట పెరిగి పెరిగి అసలు పుస్తకమంత కాగలదు. ఆ షెడ్డులో ఖాతాల అసలు డిస్కు 200 జీబీ. దానిమీద అయిదు స్నాప్‌షాట్లు ఉన్నాయి. అన్నీ కలిపి 600 జీబీ దాటాయి. అన్నిటికంటె పాతది పద్నాలుగు నెలల కిందటిది. తీసినవాడు పని మానేసి వెళ్లిపోయాడు. తీసిన సంగతి ఇంకెవరికీ తెలియదు. రెండు మాత్రం మనుషులు తీసినవి కావు. రాత్రిపూట నకలు తీసే ప్రోగ్రాం తన పని కోసం తీసుకుని, మధ్యలో కరెంటు పోవటంతో తొలగించకుండా వదిలేసినవి.

బాగు చేసిన విధం

"ఆ పాత ఫైళ్లు చెరిపేస్తే పోలా?" అని గుమాస్తా అనగానే కుర్రవాడు అతని చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. విడి కాగితాలు చించిపారేస్తే పద్నాలుగు నెలల లెక్కలు గంగలో కలిసినట్లే. వాటిని పుస్తకంలోకి ఎక్కించి, ఆ తర్వాతనే కట్టను తీసివేయాలి. సర్వరు నిర్వహణ పట్టికలో స్నాప్‌షాట్‌ను తొలగించమని ఆదేశిస్తే కంప్యూటరు చేసేది ఈ ఎక్కింపే. నేరుగా ఫైలు చెరపటం మాత్రం ఎన్నడూ చేయరాదు.

అతడు ముందుగా ఖాతాల సరంజామా మొత్తాన్ని ఒక బయటి డిస్కులోకి నకలు తీశాడు. అందుకు గంటన్నర పట్టింది. తర్వాత గాదెలో చోటు చేశాడు. ఎప్పుడో వాడి వదిలేసిన ప్రోగ్రాం సీడీల నకళ్లను బయటకు తరలించాడు. పరీక్ష కోసం పెట్టిన మెషీనును ఆపాడు. మెషీను నడుస్తున్నంతసేపు దాని జ్ఞాపకశక్తికి సరిపడా చోటు గాదెలో పట్టి ఉంచబడుతుందట. ఆపగానే అది వదిలింది. పదకొండు గంటలకు ఖాతాల మెషీను లేచింది. చీటీలు మొదలయ్యాయి.

అసలు మరమ్మతును అతడు రాత్రికి పెట్టుకున్నాడు. పని ఒత్తిడి లేనప్పుడు, జనరేటరు సిద్ధంగా ఉంచుకుని, అన్నిటికంటె పాత స్నాప్‌షాట్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటే తొలగించాడు. చోటు ఇరుకుగా ఉన్నప్పుడు పాతదానితో మొదలుపెట్టటమే క్షేమమని అతడన్నాడు. మధ్యలో చాలాసేపు తెర కదలకపోయినా ఆపకూడదని గుమాస్తాకు గట్టిగా చెప్పాడు. తెల్లవారుజామున నాలుగింటికి పని పూర్తయింది. చివరగా గాదె లోపలికి వెళ్లి, పట్టికలో కనపడకుండా మిగిలిపోయిన ఫైళ్లేమైనా ఉన్నాయేమోనని చూశాడు. పట్టిక ఖాళీగా ఉన్నా అటువంటివి మిగలటం కద్దు.

ఇటువంటి సాఫ్ట్‌వేరు తయారుచేసే వీఎంవేర్ సంస్థ ఒక స్నాప్‌షాట్‌ను 72 గంటలకు మించి ఉంచవద్దని చెబుతున్నది. వరుసగా 32 వరకు తీయటానికి వీలున్నా, రెండు మూడుకు మించకుండా ఉంటే మేలని కూడా చెబుతున్నది. అక్కడ ఉన్నది పద్నాలుగు నెలలు!

పెద్దలకూ తప్పలేదు

చోటు చాలక పని ఆగటం చిన్న షెడ్లకే పరిమితం కాదు. 2023 ఆగస్టులో జపానులోని టొయోటా కార్ల కంపెనీ పద్నాలుగు ఫ్యాక్టరీలు ఆగిపోయాయి. విడిభాగాల ఆర్డర్లు చూసే సర్వర్లలో నిర్వహణ పనులు చేస్తుండగా డిస్కులో చోటు చాలలేదు. అండగా ఉండవలసిన రెండో ఏర్పాటు కూడా అదే వ్యవస్థలో ఉన్నందున అదీ ఆదుకోలేదు. ఎక్కువ చోటున్న సర్వరుకు సమాచారాన్ని మార్చాకే ఫ్యాక్టరీలు కదిలాయి.

స్నాప్‌షాట్ పనికిరానిదని దీని అర్థం కాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఉద్యోగి పొరపాటున అసలు సమాచారాన్నే చెరిపేశాడు. నకళ్లు తీసే ఏర్పాట్లు చూస్తే అవి పనిచేయటం లేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ ఆ సంస్థను కాపాడింది.

అయితే స్నాప్‌షాట్ ఉన్నది కదా అని నకలు తీయకుండా ఉండరాదు. పుస్తకమే కాలిపోతే విడి కాగితాలు దేనికి? 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ సమాచార కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగింది. ఉద్యోగులు దాచుకున్న 858 టీబీల సమాచారానికి వేరే చోట నకలు లేక అంతా పోయింది. 1979 మే నెల తుపాను, 1989 నవంబరు కావలి తుపాను చూసిన మన తీరానికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కర లేదు. షెడ్డులో ఒక నకలు ఉంటే నెల్లూరులో ఒకటి ఉండి తీరాలి.

రైతులు కోరుతున్నదేమిటి?

ఆ రోజు చివరగా తూకానికి వచ్చిన రొయ్య మెత్తబడిందంటూ కిలోకు పది రూపాయలు తగ్గించారు. తప్పు కంప్యూటరుదని షెడ్డువారు, కంప్యూటరును చూసుకోవలసింది మీరేనని రైతులు వాదించుకున్నారు. తగ్గించిన ధర తగ్గినట్లే మిగిలింది. ఐసు ఖర్చు కూడా ఎవరూ ఇవ్వలేదు.

సర్వరు పెట్టుకున్న ప్రతి కొనుగోలుదారూ గోడమీద ఒక పలక వేలాడదీయాలని రైతులు కోరుతున్నారు. స్నాప్‌షాట్ ఎవరు తీశారు, ఏ తేదీన తీశారు, ఎప్పుడు తొలగిస్తారు - ఈ మూడూ దానిమీద రాయాలి. గాదె ముప్పాతిక నిండగానే హెచ్చరిక వచ్చే ఏర్పాటు చేసుకోవాలి. వారానికోసారి బాకీల పట్టికను కాగితం మీద అచ్చు తీసి ఉంచాలి. చేతి చీటీల పుస్తకం ఒకటి ఎప్పుడూ బల్ల సొరుగులో ఉండాలి.

రైతులు కూడా తమ మేత బాకీని, తూకాన్ని సొంత పుస్తకంలో రాసుకోవటం మంచిది. ఆ ఉదయం బారులో నిలబడ్డ వారిలో ఒక్కరి దగ్గర మాత్రమే అటువంటి పుస్తకం ఉన్నది. ఆమె లెక్క చూసి గుమాస్తా చేత్తోనే చీటీ రాసిచ్చాడు. ఆరు గంటలకల్లా ఆమె సరుకు లారీ ఎక్కింది.