లెవెల్ షిఫ్టర్ ఎంపిక: వోల్టేజి, వేగం

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల మీదుగా సాగే కర్నూలు–కడప కాలువను పంతొమ్మిదో శతాబ్దంలో సాగునీటితోపాటు పడవ ప్రయాణానికీ తవ్వారు. మట్టం మారేచోట లాకులు పడవను దాటించేవి. అందుకు కొంత సమయం పట్టేది. 5 వోల్టుల ఆర్డినో యునోకు, 3.3 వోల్టుల రాస్‌ప్‌బెర్రీ పై 4కు నడుమ లెవెల్ షిఫ్టర్ చేసే పని అటువంటిదే. లేనిచో అధిక వోల్టేజి రెండవదానిని దెబ్బతీయవచ్చు.

మాస్‌ఫెట్, పుల్-అప్ నిరోధకాల షిఫ్టర్ ఐ2సీ వంటి ద్విముఖ సంకేతాలకు అనువైనది. అయితే నిరోధం 10 కిలోఓమ్‌లు, కెపాసిటెన్స్ 100 పికోఫారడ్‌లు అయినచో కాలస్థిరాంకం 1 మైక్రోసెకను. 400 కిలోహెర్ట్జ్ ఐ2సీలో సంకేతం పైకి లేచేందుకు గరిష్ఠంగా 300 నానోసెకన్లే గడువు. కనుక నిరోధాన్ని తగ్గించాలి. 20 మెగాహెర్ట్జ్ ఎస్‌పీఐలో ఒక క్లాక్ ఆవర్తనమే 50 నానోసెకన్లు. అచ్చట దిశ స్థిరంగా ఉండే బఫర్ తరహా షిఫ్టరే తగినది.

వోల్టేజి సరిపోవడం ఎంపికలో తొలి మెట్టు మాత్రమే. సంకేతం సకాలంలో మట్టం దాటుతుందా అన్నదే నిర్ణాయకం.